ఒక్కసారే వైద్యం

ఆదివారం పొద్దున్న టీ తాగుతూనే, ఇవాళ అపర్ణ పని పట్టాలని వీరేంద్ర నిశ్చయించుకున్నాడు. ఆ దీవుల రాజధానిలో, మిడిల్ పాయింట్ దగ్గర ఒక సర్కారు ఆఫీసులో అతను గుమాస్తా. ఆదివారాలు మాత్రం ఆస్టినాబాద్‌లోని తన ఇంటి వరండాలో గుహలకూ రాక్షసులకూ ఏకైక అధిపతి. అదొక పాచికల ఆట, అందులో కథ నడిపేది అతను. మిగిలినవాళ్ళు తలొక వీరుడి వేషం కట్టి, ఏం చేస్తామో నోటితో చెబుతారు. దెబ్బ తగిలిందో తప్పిందో పాచికలు తేలుస్తాయి. ప్రాణం పాయింట్లలో ఉంటుంది. సున్నాకొస్తే వీరుడు పోయినట్టే.

చిక్కల్లా ఎవరూ పోకపోవడమే. అపర్ణ ఆసుపత్రిలో నర్సు, ఆటలోనూ వైద్యురాలే. ఎవరికి గీత పడినా మంత్రం వేసి నిలబెట్టేది. అది చాలనట్టు, ప్రతి పోరు తర్వాతా అందరూ గుహలోనే దుప్పటి పరిచి పడుకునేవారు. లేచేసరికి పాయింట్లన్నీ తిరిగొచ్చేవి. వీరేంద్ర నెలంతా తల బద్దలు కొట్టుకుని తయారుచేసిన మూడు తలల రాక్షసి గత వారం టీ చల్లారేలోపు చచ్చిపోయింది.

"ఇవాళ్టి నుంచి కొత్త రూలు," అన్నాడు భార్య ఝాన్సీలక్ష్మితో. "మనిషికి ఒక్కసారే వైద్యం. పడుకుంటే ప్రాణం రాదు. గుహలో తేళ్ళు కూడా డబల్."

"వాళ్ళొచ్చేది సరదాకండీ, చంపించుకోడానికి కాదు," అంది ఝాన్సీ. "అన్నట్టు, దక్షిణామూర్తి గారిని భోజనానికి పిలిచేను. మీ ట్రాన్స్‌ఫర్ సంగతి మెల్లగా కదపండి."

వీరేంద్ర కప్పు కింద పెట్టేశాడు. దక్షిణామూర్తి అతని ఆఫీసు సూపరింటెండెంట్. వీరేంద్రను దీవుల కొసన ఉన్న క్యాంప్‌బెల్ బేకి పంపే ఆర్డరు తయారవుతోంది. పైవాళ్ళకు చెప్పి దాన్ని ఆపించగలిగేది ఆయనొక్కడే.

ఆయన అనుకున్నదానికన్నా ముందే వచ్చారు. వరండాలో అపర్ణ, జెట్టీలో పనిచేసే మణికుమార్ పాచికలు ముందేసుకుని కూర్చున్నారు. ఆయన చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏమయ్యా, ఇంట్లో జూదం నడుపుతున్నావా?"

"జూదం కాదు సర్. రాక్షసుల్ని చంపడం, అంతే."

"రూల్సున్నాయా?"

"చాలా ఉన్నాయి సర్."

ఆయన ముఖం విప్పారింది. "అయితే నేనూ కూర్చుంటా."

ఆయనకు ఖడ్గవీరుడి వేషం దక్కింది. గుహలో అడుగు పెట్టీ పెట్టగానే తేళ్ళ మంద నేరుగా ఆయన మీదే పడింది. అపర్ణ మంత్రం వేసి లేపింది. వెంటనే ఇంకో తేలు కుట్టింది.

"మళ్ళీ వెయ్యమ్మా," అన్నారాయన.

"అవదు సర్. మనిషికి ఒక్కసారే. భయ్యా కొత్త రూలు," అంటూ అపర్ణ వీరేంద్ర వైపు చల్లగా చూసింది.

అప్పటినుంచి వీరేంద్ర ఎదురుగా ఒక అట్టముక్క నిలబెట్టి, దాని చాటున పాచికలు వేయసాగాడు. సర్ మీదికి వచ్చిన ప్రతి కొండీ గురి తప్పింది. తప్పిన కొండీలన్నీ మణికుమార్‌కు తగిలాయి.

"అరే భయ్యా, నన్నైతే వెతికి మరీ కుడుతున్నాయి. సార్‌ని చూస్తే సలాం కొట్టి పోతున్నాయి. ఏ క్యా హై?"

ఆటలో చస్తే మణికుమార్ అలిగి వెళ్ళిపోతాడు, ఆట ఆగిపోతుంది, సర్ మూడ్ పాడవుతుంది. వీరేంద్ర హడావిడిగా గుహ మూలన ఒక ఊట పుట్టించాడు. ఆ నీళ్ళు తాగితే ప్రాణం తిరిగొస్తుందన్నాడు. తలా ఒక గుక్క తాగుతారనే అతని ఉద్దేశం. కుళాయి ఎప్పుడొస్తుందా అని బిందెలు వరసపెట్టుకు కూర్చునే ఊళ్ళో ఆ మాట అంటున్నానని ఆ తొందరలో మరిచిపోయాడు.

"చలో, డ్రమ్ములు తియ్యండి," అంది అపర్ణ. శిరస్త్రాణాలు నింపారు. తోలు సంచులు నింపారు. నిధిపెట్టెలో బంగారం పారబోసి అదీ నింపారు. వంటింట్లోంచి ఝాన్సీ, "మూతలు పెట్టండి, దోమలు చేరతాయి," అని కేకేసింది.

ఇక ఈ జన్మలో ఎవరూ చావరని వీరేంద్రకు అర్థమైంది. పౌరుషం ఆగక, గుహంత పీతను దింపాడు. సరిగ్గా అప్పుడే ఫ్యాను గాలికి అట్టముక్క ఎగిరిపోయింది. పాచిక అందరి కళ్ళముందూ పడింది. పీత డెక్క దక్షిణామూర్తిగారిని నడుం దగ్గర పట్టుకుంది. ఆయనకు మిగిలింది ఒక్క పాయింటు.

"సర్, ఊట నీళ్ళు తాగండి," అన్నారు ముగ్గురూ.

ఆయన కదల్లేదు. "మనిషికి ఒక్కసారే వైద్యం అన్నావు. నాది అయిపోయింది. ఈ నీళ్ళు ఏ రూలు కింద తాగాలి?"

"ఇది స్పెషల్ కేసు సర్."

"స్పెషల్ కేసన్న ఫైలుని నా సర్వీసులో ఏనాడూ ముందుకు పంపలేదు." ఆయన పాచికలు తీసి వీరేంద్ర చేతిలో పెట్టారు. "వెయ్యి."

వీరేంద్ర వేశాడు. పీత గురి తప్పలేదు.

ఝాన్సీ చేపల పులుసుతో భోజనాలు వడ్డించింది. దక్షిణామూర్తి మారు వడ్డించుకుని తిని, చేయి కడుక్కుని, వచ్చి అతని భుజం తట్టారు.

"నిజం చెప్పనా? నీ ట్రాన్స్‌ఫర్ ఆపుదామనే వచ్చాను. మెతక మనిషివి, అక్కడ నెగ్గుకురాలేవనుకున్నా. ఇవాళ చూస్తే పై ఆఫీసరునని కూడా చూడకుండా రూలు ప్రకారం చంపేశావు. అక్కడి మన ఆఫీసుకి నీలాంటివాడే కావాలి. రేపే సంతకం పెట్టిస్తా."

వీరేంద్ర నోరు తెరిచాడు. అట్టముక్క చాటున తను చేసింది చెబితే మోసగాడు, చెప్పకపోతే క్యాంప్‌బెల్ బే. నోరు మూసేశాడు.

ఆయన తృప్తిగా వెళ్ళిపోయారు. ఝాన్సీ వరండాలోకొచ్చి, ఓడ టికెట్లు ఎప్పుడిస్తారో కనుక్కోమని మణికుమార్‌కు చెప్పి, టికెట్టు ఒక్కటి చాలంది.