పోతనాళ పాచి విజయము

కాలేజీ మ్యూజియం నుంచి ఎవరో వచ్చి, పాచి ఇప్పించమని బుల్లెమ్మను గట్టుమీద నిలబడి బతిమాలుతున్నాడట, పిల్లనడగ వచ్చినవాడు కూడా అంత వంగడట అని పక్కచేను సీతారావమ్మ అన్నదని ఊరంతా అన్నది. ఆమె మాటలో సగం తరుగు తీసేసినా మిగిలిన కథ ఇది.

శ్రీమత్తుంగభద్రా వామకుల్యా జలపరిపూర్ణ పోతనాళ కేదారమండలంబున, ఊడ్చిన నారు అప్పుడప్పుడే పచ్చబడుచున్న శ్రావణ ప్రాతఃకాలంబున, రాయచూరు కళాశాలలో ఎండుపాచి నమూనాల బీరువాకు ఏకైక రక్షకుండును, బొద్దింకలు భక్షించిన, సన్నని వలవలె అల్లుకొను వలపాచి నమూనాపత్రమునకు మారుపత్రము సాధింపక మరలనని పూనినవాడును, మోకాళ్ళదాక ప్యాంటు మడచిన మహావీరుండును అగు వాదిరాజు, ఖడ్గస్థానమున కుంచెయు, డాలుస్థానమున పింగాణీ పళ్ళెమును ధరించి బురదలో దిగెను.

ఎదుట నీరు పారు మడవయొద్ద, పాచికి ఆజన్మశత్రువగు బుల్లెమ్మ మైలుతుత్తపు గుడ్డమూటను గదవలె ఎత్తి నిలిచెను. ఆ మూట నీట మునిగెనా, నీలివిషము మడియెల్ల పాకి, పాచికులము నిశ్శేషము.

"అమ్మా, జర ఆగు! ఈ వలపాచి చుట్టుపక్కల నీ మడిలనే ఉంది. ఒక్క ముక్క చిరగకుండ తీసుకుంట, గంతే!"

"ఒక్క ముక్కేంటి బాబూ, బండి తోలుకొచ్చి మొత్తం పట్టుకుపో! కానీ తొరగా కానీ. కాలవ కట్టేత్తే మందు పారదు, నీ పాచి నాకే మిగుల్తది."

అంతట వాదిరాజు పళ్ళెపు నీట పాచిని తేల్చి, దానిక్రింద మందపు కాగితమును మెల్లగ జొనిపి, ఊపిరి బిగబట్టి ఎత్తెను. పాచి ముద్దయ్యెను. మరల ఎత్తెను. గాలి వీచెను, పాచి మడతపడెను. అపుడా వీరుండు ఆకాశము దద్దరిల్ల నిట్లనియె:

"ఓ హరితజాలమా! ఎండకు బెదరవు, ఎరువుకు లొంగవు, ఈ జానెడు కాగితమునకేల వెరచెదవు? పరచుకొనుము! శాస్త్రము నీకై వేచియున్నది!"

"బతిమాలితే వినదయ్యా అది. నా పెళ్ళైనకాడ్నించీ తిడతన్నా, తిట్టినా వినలేదు."

అనుచునే ఆ వైరినారీమణి, మూట చంకనిడి, కొంగు రెండు చేతులా బారజాపి గాలికడ్డముగ కోటగోడవలె నిలిచెను. ఆ చాటున వాదిరాజు కుంచెకొనతో పోగుపోగు విడదీసి, పళ్ళెము నొరగించి, నీరు జారనిచ్చి, కాగితము నెత్తెను. వల చెదరలేదు! దిక్కులారా వినుడు: అరచేతి మేర, ఆకుపచ్చని మరకవలె, విజయము కాగితమునకంటుకొనెను!

మూట మడవలో బుడుంగుమనెను. మిగిలిన పాచి సైన్యమునకు కాలము తీరెను.

జయోన్మత్తుండగు వాదిరాజు ఆ నమూనాపై పల్చని గుడ్డ పరచి, అద్దుడుకాగితముల నడుమ నొత్తి, కలము తీసెను.

"అమ్మా, కింద నీ పేరే రాస్తున్న. 'పోతనాళ, బుల్లెమ్మగారి వరిమడి' అని. నూరేండ్లు బీరువల భద్రంగుంటది. వచ్చే పిల్లలందరు చదువుతరు."

బుల్లెమ్మ చేతులు కడుక్కుని, ఆ కాగితాన్నీ అతన్నీ ఎగాదిగా చూసింది.

"నా మడిలో పాచి పట్టిందని నూరేళ్ళు ఊరూరోళ్ళ చేత చదివిత్తావా?"