తగ్గించాలంటే ముందు పెంచాలి

ఆ ఉదయం మేనేజరుగారు గడ్డం గీసుకుంటూ భూగోళాన్ని కాపాడాలని నిశ్చయించుకున్నారు. అప్పటిదాకా భూగోళం మీద ఆయనకు ప్రత్యేకమైన అభిమానమేమీ లేదు. కర్బన ఉద్గారాలు బాగా తగ్గించిన మేనేజరుకు హెడ్డాఫీసులో కుర్చీ, తగ్గించలేనివాళ్లకు ఊరవతల గోడౌను అని కంపెనీ ప్రకటించింది మరి. ఏళ్ల తరబడి ఆ కుర్చీ కోసం గుటకలు మింగుతున్న మనిషి ఆయన.

"ఏముంది! ఇవాళే లైట్లు ఆర్పించేసి, ఏసీలు ఆపించేస్తాను."

పర్యావరణం మీద రెండు రోజుల శిక్షణకు వెళ్లొచ్చి మేధావి అయిపోయిన బావమరిది కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు.

"కొంప ముంచుకుంటావా బావా! ఇవాళ మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి, తన మీటరు తగిలించి, గంటసేపు మీ వాడకం కొలుస్తుంది. అదే బేస్‌లైన్. వచ్చే ఏడాది దానికన్నా ఎంత తగ్గిందో చూస్తారు. ఇవాళే తగ్గించేస్తే అప్పుడేం తగ్గిస్తావ్?"

"అంటే ఇవాళ ఎక్కువ కాల్చాలా?"

"తగలెట్టెయ్యాలి బావా!"

ఇంత చక్కటి పద్ధతి కనిపెట్టిన మహానుభావులెవరో గానీ, మేనేజరుగారికి వాళ్ల మీద భక్తి ముంచుకొచ్చింది.

ఇన్‌స్పెక్టరమ్మ వచ్చేసరికి అంతా ఊపందుకోవాలని పొద్దున్నే ఆఫీసులో ఏసీలన్నీ పెట్టించారు. కాసేపటికి అకౌంటెంటమ్మ పళ్లు టకటకలాడాయి.

"సార్, వేళ్లు కొంకర్లు పోతున్నాయండీ."

"హీటర్లు పెట్టించండి."

"ఏసీ ఆపితే సరిపోదాండీ?"

"మీకు పర్యావరణం గురించి తెలీదమ్మా, ఊరుకోండి!"

హీటర్లు వచ్చాయి. అవీ ఏసీలూ హోరాహోరీగా పోరాడుతుంటే కిటికీలు కూడా బార్లా తెరిపించారు. అయినా తనివి తీరక, కరెంటు ఉండగానే పెరట్లో డీజిల్ జనరేటరు వేయించారు. అది ఎవరికీ ఉపయోగపడకుండా నల్లటి పొగ కక్కుతుంటే ఆయన మురిసిపోతూ చూశారు.

వాచ్‌మన్ దగ్గుతూ పరుగెత్తుకొచ్చాడు. "అయ్యా, ఎదురు దుకాణం వాళ్లు ఆఫీసు అంటుకుందనుకుని ఫైరింజనుకు ఫోన్ చేశారండీ!"

"రానీ. అదీ డీజిలుతోనే కదా నడిచేది. మన ఖాతాలోనే వేయిద్దాం."

ఫైరింజను వచ్చింది. ఆయన వద్దు మొర్రో అంటున్నా వినకుండా, వాళ్లు కరెంటు తీగ కత్తిరించి, జనరేటరును నీళ్లతో ముంచెత్తి, ఆయన ప్రాణం కాపాడినందుకు కరచాలనం చేసి వెళ్లిపోయారు.

సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. ఆకాశం మబ్బు పట్టి ఆఫీసంతా చీకటిగా ఉంది. ఆవిడ మీటరు తగిలించి, గంటసేపు కూర్చుని, కళ్లద్దాలు తుడుచుకుంది. "లైటు లేదు, ఫ్యాను కూడా లేదు! ఇంత నిగ్రహం నేనెక్కడా చూళ్లేదండీ."

"అమ్మా, మేం అలాంటివాళ్లం కాదండీ! చాలా కాలుస్తాం, ఒట్టు! మీరు పొద్దున రావాల్సింది!"

"అబ్బ, ఎంత వినయమండీ!"

"వినయం కాదు తల్లీ, నిజం! కావాలంటే ఈవిణ్ని అడగండి!"

అకౌంటెంటమ్మ ఇంకా వణుకుతున్న చేతులు శాలువాలో దాచుకుంది. "సార్ పొద్దున్నుంచీ పర్యావరణం కోసం ఒకటే తాపత్రయమండీ."

ఇన్‌స్పెక్టరమ్మ బేస్‌లైన్ దగ్గర గుండ్రంగా సున్నా చుట్టి లేచింది. "వచ్చే ఏడాదికి దీన్లో మూడో వంతు తగ్గిస్తే చాలండీ, కుర్చీ మీదే!"

ఆమె వెళ్లాక మేనేజరుగారు సున్నాలో మూడో వంతు ఎంతవుతుందో చూద్దామని కాలిక్యులేటరు నొక్కారు. సౌరశక్తితో నడిచేది కావడం వల్ల, ఆ చీకట్లో అది కూడా ఏమీ చెప్పలేదు.