అరవై చీరల్లో అరవై పత్తాలు

ఆ ఉదయం బాలవ్వకు ఉన్నది ఒక్కటే పని. పదకొండింటికి గోపాల్ ఆటో వచ్చేలోగా అరవై చీరలు మడతపెట్టి, ఒక్కో కవరులో బొమ్మ అట్ట ఒకటి పెట్టి, రింగ్ రోడ్‌లో వినోద్ సేఠ్ దుకాణానికి పంపాలి. గోడాదరా బస్తీలోని ఆ ఒంటి గదిలోనే కూతురు సింధూజకూ ఒక్కటే పని. కాలేజీలో నలుగురు కలిసి తయారుచేసిన పత్తాల ఆటను, అంటే పేకలాంటిదాన్ని, కొత్తవాళ్లతో ఆడించి, వాళ్లేమన్నారో రాసి సాయంత్రానికి సారుకు ఇవ్వాలి. ఇవ్వకపోతే నలుగురూ ఫెయిల్.

ఆటో వెళ్లిపోయింది. సింధూజ తల తుడుచుకుంటూ వచ్చింది.

"అమ్మా, ఈడ పెట్టిన నా పత్తాలేవే?"

"పత్తాలా? నీకేం పొయ్యేకాలమే! పోలీసోళ్లొస్తే ఏం జెప్పాలె?"

"జూదం కాదే, చదువు! మొన్న మిగిలిన నీ అట్టల ఎనకదిక్కు రాసినం."

బాలవ్వ మూలకు చూసింది. సేఠ్ పంపిన అట్టల కట్ట దారమైనా విప్పకుండా అక్కడే ఉంది. రెండింటి మీదా ఒకటే బొమ్మ. పొద్దున తను వెనక్కి తిప్పి చూడకుండా చేతికందిన కట్టను చీరల్లో పెట్టేసింది.

"అయిపాయె బిడ్డా. నా పని పాయె, నీ చదువు పాయె."

పత్తాలు వెనక్కి తెచ్చుకుందామని కూతురితో షేర్ ఆటో ఎక్కాక బాలవ్వ మనసులో కూతురు ఫెయిలైంది, తన పని ఊడింది, దారిలో లింబాయత్ దాటేసరికి ఇంటివాడు సామాను కూడా బయట పడేశాడు.

దుకాణంలో అంతకన్నా ఘోరంగా ఉంది. మగ్గాల కార్ఖానా మీద అల్లిన ఆట అది. ప్రతి పత్తా మీదా హిందీలో ఒక హుకుం ఉంటుంది. దీపావళి ముందు చీరల్లో బహుమతి చీటీలు పెట్టడం వినోద్ సేఠ్‌కు అలవాటు. ఇవీ అవేననుకున్నారంతా. కవర్లు విప్పిన గుమాస్తా ఉమాకాంత్‌కు "బోనస్ తీసుకో" అని వచ్చింది. సేఠ్ ముందు చెయ్యి చాచాడు. ఇంకో గుమాస్తాకు "ఇవాళ సెలవు" వచ్చింది, చెప్పులు వేసుకున్నాడు. నాగపూర్ వ్యాపారికి "సరుకు వాపసు ఇచ్చెయ్" వచ్చింది. కొన్నదంతా తెచ్చి సేఠ్ కూర్చునే గద్దె మీద పోశాడు.

"యే క్యా కియా, బాలవ్వా?" సేఠ్ ఒక పత్తా ఎత్తి చూపించాడు.

"మాఫ్ కరో సేఠ్! తప్పు నాదే. పోరిని ఏమనకు!" బాలవ్వ కాళ్ల మీద పడబోయింది.

సింధూజ మాత్రం పత్తాలన్నీ ఏరుకుని, సేఠ్‌నూ వ్యాపారినీ ఇద్దరు గుమాస్తాలనూ లెక్కపెట్టుకుంది. కొత్తవాళ్లే.

"బహుమతి కాదు సేఠ్, గేమ్. ఏక్ బార్ ఖేల్‌కే దేఖో."

సేఠ్ ఓడిపోయాడు. పంతానికి ఇంకో రెండుసార్లు ఆడి, రెండుసార్లూ ఓడిపోయాడు. "ఇందులో సేఠ్ గెలిచే పత్తానే లేదా?" అని హిందీలో గద్దించాడు. లేదని ఉమాకాంత్ సంతోషంగా చెప్పాడు. వ్యాపారి పొట్ట పట్టుకుని నవ్వి, తెచ్చిన సరుకు మళ్లీ మూట కట్టించుకున్నాడు. సింధూజ అన్నీ రాసుకుంది. బాలవ్వ పని కూడా ఊడలేదు.

నాలుగో రోజున మార్కులు వచ్చాయి. నలుగురూ పాస్, సారు రెండు మార్కులే కోశారు.

"జెప్పిన గదా, చదువు పాయెనని!" బాలవ్వ గడపలోనే కూలబడింది. "ఎందుకు కోసిండే?"

ఆటలో సేఠ్ ప్రతిసారీ ఓడిపోవడం నిజ జీవితానికి దూరంగా ఉందట.