వీరభద్రం మొదటి చుట్టు

వీరభద్రానికి కోపం వచ్చింది. ఆయనకు కోపం కొత్తేమీ కాదు గానీ, ఈసారిది మాత్రం న్యాయమైన కోపమని ఆయన గట్టి నమ్మకం.

"మూడు నెలలుగా ప్రతి ఆదివారం వెళ్తున్నారు. ఏమైనా వచ్చిందా?" అని అడిగింది పార్వతీదేవి, ఆవకాయ జాడీ తుడుస్తూ.

గుండ్లపోచంపల్లి దగ్గర హైవే పక్కన కొత్తగా వెలిసిన ట్రాకులో, మోకాలెత్తు రేసు బండిలో కాళ్లు చాపుకుని దూసుకుపోయే మొగుణ్ని ఏ ఇల్లాలైనా అలా అడుగుతుందా? బహదూర్‌పల్లి కాలనీ మొత్తంలో సొంత రేసు హెల్మెట్ ఉన్నది ఆయనొక్కడికే!

"ఏమైనా రావడమేమిటి? గాలికంటే ముందుంటున్నాను!"

"మరి ప్రతివారం నేను మోచేతులకు మందు రాస్తున్నది గాలికా?"

వీరభద్రం మీసాలు అదిరాయి. పార్వతీదేవి తాపీగా బేరం పెట్టింది. "రేపు నేనూ వస్తాను. రెండు చుట్లు తిరగండి. మొదటిదానికంటే రెండోది తొందరగా తిరిగితే నేర్చుకుంటున్నట్టే, మీ ఆదివారాలు మీవి. లేదంటే ట్రాకు మానేసి ఆవకాయకు కాయలన్నీ మీరే కొట్టాలి."

వీరభద్రం లోలోపల పొంగిపోయాడు. మొదటి చుట్టు కావాలని నత్తలా తిరిగితే, రెండోది ఎలా తిరిగినా మెరుగే! బ్యాంకులో ఇన్నేళ్లు పనిచేసిన బుర్ర మరి.

మర్నాడు ట్రాకులో టైము చూసే మల్లేష్ ఎదురొచ్చాడు. "జర పైలం సార్. పోయినవారం పక్కకు పేర్చిన టైర్లన్ని ఆగం జేసిండ్రు."

"అన్నీనా?" అంది పార్వతీదేవి.

"రెండు మిగిలినయమ్మా."

"నీ పని నువ్వు చూసుకోవయ్యా!" అని గర్జించి వీరభద్రం బండెక్కాడు.

అనుమానం రాకుండా తిన్నటి దారిలో మామూలుగానే పోనిచ్చాడు. మలుపు కనపడగానే మాత్రం ముందే బ్రేకు నొక్కి, పెళ్లికూతురి కారులా మెల్లగా తిప్పాడు. ఒక్క టైరుకూ తగల్లేదు. ఆయనకే విసుగొచ్చింది.

రెండో చుట్టులో విజృంభించాడు. మలుపులోకి పూర్తిగా దూరేదాకా బ్రేకు మాటే తలవలేదు. బండి గిర్రున తిరిగి, వచ్చినవైపే మొహం పెట్టి టైర్ల గుట్టలో కూర్చుంది. మల్లేష్ పరుగెత్తుకెళ్లి బయటికి లాగాడు.

"అమ్మా, సార్ మొదటి చుట్టు మస్తు కొట్టిండు! ఇన్ని నెలల్ల గింత జల్దీ ఎన్నడు రాలే. రెండోదే... శానా టైము వట్టింది."

"అబద్ధం! నీ గడియారం చెడిపోయింది!" వీరభద్రం ఒళ్లు మండిపోయింది. "మొదటిసారి నేను కావాలనే మెల్లగా..."

నాలిక కరుచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

"ఓహో," అంది పార్వతీదేవి. "మెల్లగా వెళ్తే తొందరగా వస్తారు, తొందరపడితే టైర్లలో ఉంటారన్నమాట. పదండి, కాయలు ఎదురుచూస్తున్నాయి."

ఇంటికొచ్చి మామిడికాయల కత్తి ముందు కూలబడ్డాడు వీరభద్రం. లోకంలో న్యాయం లేదు. ఆ కసికొద్దీ, చచ్చినా తొందరపడనని ఒక్కో కాయే తాపీగా పెట్టి కొట్టాడు.

పొద్దు వాలకముందే కాయలన్నీ అయిపోయాయి. టెంక చెదరలేదు, ముక్క నలగలేదు.

పార్వతీదేవి ఒక ముక్క తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇందులో మాత్రం బాగా మెరుగయ్యారండీ. వచ్చే ఏడాది కూడా మీరే కొట్టండి."