యాభై ఏళ్ల ఇటుక

ఆ శనివారానికి యోగేంద్ర వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. పదింటికి ఫిజీలోని సువా తెలుగు సంఘం కమిటీ ముందు ఇటుకను బల్ల మీద పెట్టడం, నివేదిక చదవడం, చప్పట్లు అందుకోవడం. కొత్త హాలు గోడలకు ఏది వాడితే, మట్టి తవ్విన రోజు నుంచి గోడ కూల్చే రోజు దాకా, పర్యావరణానికి తక్కువ చేటో తేల్చమని కమిటీ అతన్నే అడిగింది. మట్టిలో చెరకు పిప్పి కలిపి లబాసా ఊళ్లో ఎండబెట్టిన ఇటుక ముందు అతని లెక్కల్లో సిమెంటు దిమ్మ నిలవలేదు. ఇటుక ఆయుష్షు అన్న గడిలో మాత్రం అతను యాభై ఏళ్లని ఊరికే రాశాడు. ఏడాది పొడుగునా వాన కురిసే ఊళ్లో ఉంటూ ఒక్కసారైనా దాన్ని తడిపి చూడలేదు. ఆ గడి దగ్గరికి వచ్చినప్పుడల్లా అతని కళ్లు వాటంతటవే పక్క గడిలోకి జారుకునేవి.

ఎవరి కాలూ తగలని చోటని ఇటుకను పసుపు గుడ్డలో చుట్టి పూజ అల్మారాలో పెట్టాడు. లబాసా నుంచి చుట్టపుచూపుగా వచ్చిన పెద్దమ్మ వెంకటమ్మకు ఆ మాత్రం చాలు. హాలు శంకుస్థాపనకి తెచ్చిన తొలి ఇటుక అనుకుంది. తెల్లవారగానే పళ్లెంలో నిలబెట్టి పసుపునీళ్లతో స్నానం చేయించింది.

యోగేంద్ర లేచి వచ్చేసరికి పళ్లెంలో బురద ఉంది.

"యోగీ, భూమాత కరిగిపోయింది," అంది ఆమె. "మూడే చెంబులు పోసినాను. నా చేతిలోనే ఏదో దోసం ఉన్నాది."

ఇటుకే మంచిది కాదు అన్న మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే యాభై ఏళ్లూ వచ్చి నిలబడ్డాయి.

"అన్ని నీళ్లు ఎందుకు పోశావు పెద్దమ్మా?" అన్నాడు.

ఆ మాటతో తప్పు తనదేనని వెంకటమ్మ టీ కప్పు పక్కన పెట్టేసి ఉపవాసం పట్టింది. అతని భార్య కుసుమ్ కంగారుపడి పూజారికి ఫోన్ చేసింది. పూజారి శాంతి చేయాలన్నాడు. కమిటీ అధ్యక్షుడు గోవిందస్వామికీ చెప్పాడు. ఐదుగురు రావలసిన కమిటీ షెడ్డులో పదింటికల్లా ముప్పై మంది ఉన్నారు, కొబ్బరికాయలతో.

"ఫికర్ చెయ్యకు యోగీ," అన్నాడు గోవిందస్వామి. "పెద్దామె చెయ్యి జారింది. ఇటుకది తప్పు నహీ. రిపోర్ట్ పాస్."

చప్పట్లు అతను కోరుకున్నంత గట్టిగానే మోగాయి. ఒక్కొక్కటీ చెంప మీద పడుతున్నట్టుంది.

అప్పుడు వెంకటమ్మ పళ్లెం పట్టుకుని లేచింది. "అందరూ మాఫ్ చెయ్యండి. రేపే లబాసా పోతాను. శుభకార్యం దగ్గర నేనొద్దు."

ఆమె అతని వైపు చూడనైనా లేదు. చూసి ఉంటే తట్టుకునేవాడేమో.

"పెద్దమ్మ తప్పేమీ లేదు," అన్నాడు. రేకుల మీద వాన చప్పుడులో ఎవరికీ వినపడలేదు. రెండోసారి చెప్పడమే కష్టమైంది. "నేను తడిపి చూడలేదు. యాభై ఏళ్లని ఊరికే రాశాను."

గోవిందస్వామి పైకప్పు వంక చూశాడు. తలుపు బయట వాన వంక చూశాడు.

"సువాలోనా?" అన్నాడు.

వెంకటమ్మ పళ్లెం తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. "అయితే పొద్దుట్నించి నన్ను ఆకలితో ఎందుకుంచినావు రా?"

ముప్పై మందీ అతని వైపు తిరిగారు. కుసుమ్ ఆమెకు టీ, రోటీ తెచ్చి పెట్టింది.

యోగేంద్ర పళ్లెం కింద పెట్టి, నివేదికలో యాభై ఏళ్లు కొట్టేసి, మూడు చెంబులు అని రాశాడు. ఆ గడిలో పరీక్షించి రాసిన అంకె అదే మొదటిది.