ఉప్పునీటి ఇంజనుకు శాస్త్రీయ ఆమోదం

"ఇవాళ్టి నుంచి ఈ రాష్ట్రంలో సైన్సు ఒప్పుకోనిదే ఏ ఆవిష్కరణకీ ప్రజల దగ్గర చందాలు పోగుచేయడానికి వీల్లేదు. ఒప్పుకోవడానికి సైన్సుకి వారం రోజులు టైమిస్తున్నాను!"

విశాఖ బీచ్ రోడ్డులోని ఒక పెద్ద హోటల్లో మంత్రి గుణశేఖర్ గారు ఈ ప్రకటన చేయగానే హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కుర్చీ దొరక్క నేను అప్పటికే నిలబడి ఉన్నాను కాబట్టి చప్పట్లు మాత్రం కొట్టాను.

"మా దగ్గర ఒక గొప్ప ఐడియా ఉంది, తలా కాస్త వేయండి, వస్తువు తయారయ్యాక ముందు మీకే ఇస్తాం" అని ఫోన్లలో అడగడాన్ని క్రౌడ్ ఫండింగ్ అంటారు. అడిగేవాళ్లలో ఎవరిది సైన్సో, ఎవరిది సొల్లో తెలియక జనం మోసపోతున్నారని మంత్రిగారు సోమవారం బాధపడ్డారు. మంగళవారం కమిటీ వేశారు. దాని పేరు 'ప్రజానిధుల ఆవిష్కరణల శాస్త్రీయ సాధ్యతా నిర్ధారణ కమిటీ'. పేరు బోర్డులో పట్టక 'నిర్ధారణ కమిటీ' అన్న ముక్కని పక్కనున్న గోడ మీద రాయించారు.

నేను ఆ కమిటీకి మినిట్స్ రాసే టైపిస్టుని. ఇంత దగ్గర్నుంచి విజ్ఞానశాస్త్రాన్ని చూసే భాగ్యం నాకు అలా కలిగింది.

ఛైర్మన్ జగ్గారావు గారు గోపాలపట్నంలో పార్టీ నాయకుడు. సైన్సులో ఆయన అనుభవాన్ని ఎవరూ శంకించలేరు. టెన్తులో మిగతా సబ్జెక్టులన్నీ ఒక్కసారే చదివి వదిలేసిన మనిషి, సైన్సు మాత్రం నాలుగేళ్లు చదివారు. కార్యదర్శి సాయిశంకర్ గారు పెద్ద అధికారి. ఫైలు వాసన చూసి ఎక్కడ సంతకం పెట్టకూడదో చెప్పగలరు. కమిటీలో ఒక సైంటిస్టు ఉండాలని, ఒక మహిళ ఉండాలని రూలుంది. రెండు కుర్చీలు ఎందుకులే అని ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే జ్యోతిర్మయి గారిని రెండింటికీ కలిపి వేశారు.

పరీక్షా విధానాన్ని ఛైర్మన్ గారే రూపొందించారు. వీడియో ఉందా? అందులో మ్యూజిక్ ఉందా? బొమ్మలో బాణాలు ఏ రంగు? నీలం బాణాలైతే సైన్సు. ఎర్ర బాణాలైతే ప్రమాదం, రంగు మార్చి తెమ్మనేవారు. ఈ పద్ధతిలో మొదటి మూడు రోజుల్లోనే పదకొండు ఆవిష్కరణలు సాధ్యమని తేలాయి. వాటిలో వన్ టౌన్ మేడల మీద పడే నల్లదుమ్ముతో ఫోను చార్జి చేసే డబ్బా ఒకటి. ట్రాఫిక్ హారన్ల మోతతో బల్బు వెలిగించే హెల్మెట్టు ఇంకొకటి.

కమిటీ గుడ్డిగా అన్నీ ఆమోదించిందని ఎవరైనా అంటే అది అబద్ధం. పద్మనాభం నుంచి మహాలక్ష్మమ్మ అనే రైతు ఒక చెక్కపెట్టె తెచ్చింది. గోడల మధ్య ఇసుక, బయట తడిగోనె. కరెంటు లేకుండా కూరగాయలు రెండు రోజులు వాడవని చెప్పింది. ఆ రోజు ఏసీ పనిచేయలేదు. కమిటీ తన మంచినీళ్ల సీసాలన్నీ అందులో పెట్టించుకుని మధ్యాహ్నం దాకా చల్లగా తాగింది. తాగాక తిరస్కరించింది. నేనే టైపు చేశాను: 'సదరు వస్తువు ఇప్పటికే పనిచేస్తున్నందున, అది సాధ్యమా కాదా అన్న ప్రశ్న ఉత్పన్నం కాదు.'

నాలుగో రోజు ఉప్పునీటి ఇంజను వచ్చింది.

తెచ్చినావిడ పేరు హేమశ్రీ. కంపెనీకి ఫౌండరు, సీఈవో, మొత్తం సిబ్బంది కూడా ఆవిడే. సముద్రపు జాలరులు ఉండే ఒక పేటలో నలభై పడవలవాళ్లు ఆ ఇంజను కోసం చందాలు వేశారు. కొత్తదానికి బదులుగా తమ పాత డీజిల్ ఇంజన్లు కూడా ఇచ్చేశారు. అవన్నీ గోపాలపట్నంలో కంపెనీ షెడ్డులో ఉన్నాయి. కొత్త ఇంజను ఇప్పటికి ఒక్కటే తయారైంది. అది పోలిరాజు పడవకి. అది పనిచేస్తుందో లేదో తేల్చుకోవడానికి పోలిరాజు, భార్య కాసులమ్మ కూడా వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డారు. రెండు నెలల చేపల వేట నిషేధం ఆ వారంలోనే ముగుస్తోంది.

వీడియో మొదలైంది. మ్యూజిక్ ఉంది. బాణాలు నీలం.

"సముద్రపు నీళ్లు లోపలికెళ్తాయి," అన్నారు హేమశ్రీ. "బ్యాటరీ ఆ నీళ్లని చీల్చి హైడ్రోజన్ తీస్తుంది. హైడ్రోజన్ మండితే ఇంజను తిరుగుతుంది. తిరిగే ఇంజను బ్యాటరీని చార్జి చేస్తుంది. అంతే సార్. ఫుల్ సర్కిల్."

"మరి డీజిలు?" అన్నారు ఛైర్మన్.

"చుక్క అక్కర్లేదు సార్."

జ్యోతిర్మయి గారు చెయ్యెత్తారు. "ఈ సర్కిల్లోకి శక్తి ఎక్కడ నుంచి వస్తోంది?"

"ఓషన్ నుంచి మేడమ్."

"నీళ్లంటే హైడ్రోజన్ కాలిపోగా మిగిలిన పదార్థమమ్మా. పొయ్యిలో బూడిదలాంటిది. మీరు బూడిదతో వంట చేస్తానంటున్నారు. వండిన వేడితో ఆ బూడిదని మళ్లీ కట్టెలు చేస్తానంటున్నారు. శక్తి నిత్యత్వ సూత్రం ప్రకారం ఇది కుదరదు."

జగ్గారావు గారు ముందుకు వంగారు. "ఆ సూత్రం ఎప్పుడొచ్చింది మేడమ్? మన గవర్నమెంటు వచ్చాకా, ముందా?"

"పంతొమ్మిదో శతాబ్దంలో సార్."

"అదీ సంగతి! తెల్లోడి సూత్రం. ఆడి బొగ్గు, ఆడి డీజిలు అమ్ముకోడానికి రాసుకున్నాడు. దానికి మనం కట్టుబడాలేటి?"

సాయిశంకర్ గారు గొంతు సవరించుకున్నారు. "సూత్రాన్ని రద్దు చేసే అధికారం మనకి లేదు సార్. కానీ తీరప్రాంత మండలాల వరకూ ఏడాదిపాటు సడలింపు ఇవ్వొచ్చు."

నా ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇంత వేగంగా పరిష్కారమైన శాస్త్ర సమస్యని నేను చూడలేదు.

అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి కాసులమ్మ మాట్లాడింది. "బాబూ, నాకు సైన్సు తెల్దు. ఒక్కటి సెప్పండి. ఒడ్డు కనబడనంత దూరం ఎల్లాక అది ఆగిపోతే ఏటి సేత్తారు? దిగి తొయ్యడానికి అదేటి బస్సా?"

"ఎందుకాగుతాదమ్మా?" అన్నారు ఛైర్మన్ జాలిగా. "సముద్రం అయిపోతాదేటి?"

ఈ జవాబుకి హేమశ్రీ గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఓటింగులో ఇద్దరు 'సాధ్యం' అన్నారు, ఒకరు కాదన్నారు. జ్యోతిర్మయి గారి అసమ్మతిని కమిటీ ఏకగ్రీవంగా అభినందించింది. జగ్గారావు గారు, సాయిశంకర్ గారు సంతకాలు పెట్టిన సర్టిఫికెట్టుని పోలిరాజు రెండు చేతులతో అందుకున్నాడు.

"గవర్నమెంటే బాగుందని రాసిచ్చింది. ఇంకేటే నీ అనుమానం?" అన్నాడు భార్యతో.

"గవర్నమెంటు రాసింది మావా. ఎక్కేది నువ్వు," అంది కాసులమ్మ.

నిషేధం ముగిసిన మర్నాడు పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌లో పండగ. షామియానా వేశారు. ఏడు టీవీ కెమెరాలొచ్చాయి. పోలిరాజు పడవలో ఉప్పునీటి ఇంజనుకి పసుపు రాసి, పూలదండ వేసి, నిమ్మకాయలు కట్టారు. మంత్రిగారు పచ్చజెండా పైకెత్తారు. పడవ కదలాలి.

కదల్లేదు. ఒడ్డున తాడు కాసులమ్మ చేతిలో ఉంది.

"తాడొదలవే," అన్నాడు పోలిరాజు పడవలోంచి.

"ఒదల్ను." ఆమె మంత్రిగారి వైపు తిరిగింది. "బాబూ, మా పేటలో ఒక పద్ధతుంది. కొత్త పడవకైనా, కొత్త ఇంజనుకైనా 'బాగుంది, ఎల్లొచ్చు' అని సెప్పిన మేస్త్రి మొదటి ఏటకి అందులో కూసోవాల. ఆడు కూసోకపోతే మా మొగోళ్లు ఎల్లరు. మా తాతల కాడ్నుంచీ అంతే." బొడ్లోంచి సర్టిఫికెట్టు తీసి మడతలు విప్పింది. "ఇందులో బాగుందని రెండు సంతకాలున్నాయి. ఎవలివో సదివి, ఆళ్లని ఎక్కమనండి."

ఏడు కెమెరాలూ ఒక్కసారిగా మంత్రిగారి మీదికి తిరిగాయి. కెమెరా కనబడితే మంత్రిగారు కాదనలేరు.

"ఎంత గొప్ప సంప్రదాయం!" అన్నారు. "ఇదీ మన సంస్కృతి! మా కమిటీ ఎక్కుతుంది!"

మా కమిటీ వెనక్కి జరిగింది.

"నాకు బీపీ సార్," అన్నారు జగ్గారావు గారు మెల్లగా.

"నా పరిధి ఒడ్డు వరకే సార్," అన్నారు సాయిశంకర్ గారు. "నీళ్లు వేరే శాఖ."

మంత్రిగారు హేమశ్రీ గారి వైపు చూశారు. ఆవిడ బుగ్గలు పాలిపోయాయి. "సార్, నాకు ఈత రాదు."

"ఈతెందుకమ్మా?" అంది కాసులమ్మ. "ఇంజను నడుత్తాది కదా!"

పేటవాళ్లంతా గొల్లున నవ్వారు. సాంకేతిక కారణాలతో పది నిమిషాలు విరామం ప్రకటించారు. ఐసు ఫ్యాక్టరీ గోడ వెనక, చేపల గంపల మధ్య, కమిటీ అత్యవసర సమావేశం జరిగింది. నేను ఒక గంప బోర్లించి దాని మీద కాగితం పెట్టుకుని రాశాను.

"మేడమ్, ఆ రోజు మీరేదో అడిగారు," అన్నారు జగ్గారావు గారు. చెమట ధారగా కారుతోంది. "శక్తి ఎక్కణ్నుంచి వత్తాదని. దానికి జవాబొచ్చిందా?"

"రాలేదు సార్."

"జవాబు రాకుండా నాను సంతకం ఎలా పెట్టీసాను?"

"పచ్చ ఇంకుతో పెట్టారు సార్."

"అది సరే. ఇది ఎంత దూరం ఎల్తాది? నిజం సెప్పండి తల్లీ, పిల్లలు గలోణ్ని."

"బ్యాటరీలో ముందే నింపిన చార్జి ఉన్నంతసేపు. అలల మీద ఓ ఇరవై నిమిషాలు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత మీరూ, సముద్రమూ."

గోడ పక్కనుంచి మంత్రిగారు తల పెట్టారు. "ఏమయ్యా, లైవ్ నడుస్తోంది. ఎక్కుతావా, రాజీనామా రాస్తావా?"

జగ్గారావు గారు కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి ఆయన ముఖంలో పెద్ద శాస్త్రవేత్తలకి మాత్రమే వచ్చే వెలుగు కనిపించింది.

"ఎక్కుతాను సార్. ప్రజల కోసం పేనమైనా ఇత్తాను. కాకపోతే ఈళ్ల పాత డీజిలింజను కూడా ఎక్కించండి."

"అదెందుకు?"

"తోడుగా సార్."

ఆ తర్వాతి ముప్పై అయిదు నిమిషాలు విశాఖ పోలీసుల చరిత్రలో నిలిచిపోతాయి. గోపాలపట్నం షెడ్డు తలుపులు తెరిచారు. పోలిరాజు వీడియో కాల్లో తన ఇంజనుని గుర్తుపట్టాడు. ముందొక జీపు, వెనకొక జీపు, మధ్యలో ట్రాలీ ఆటో. సైరన్ మోగుతుంటే సిగ్నళ్లన్నీ పచ్చగా మారాయి. ఈ నగరంలో పైలట్ వాహనంతో ప్రయాణించిన తొలి డీజిలింజను అదే అయివుంటుంది. జగ్గారావు గారు స్వయంగా ఎదురెళ్లి, డీజిలు ఫుల్ ట్యాంకు పోయించి, మూత బిగుతుగా ఉందో లేదో చేత్తో తిప్పి చూసుకున్నారు. అంత క్షుణ్ణంగా ఆయన ఏ ఆవిష్కరణనీ పరీక్షించగా నేను చూడలేదు.

డీజిలింజను పడవ వెనక బిగించారు. ఉప్పునీటి ఇంజను దండతో సహా ముందువైపుకి జరిగింది. ఒడ్డు దాటని సాయిశంకర్ గారి సంతకం తరఫున కూడా కలిపి ఛైర్మన్ గారు రెండు లైఫ్ జాకెట్లు వేసుకుని మధ్యలో కూర్చున్నారు.

కాసులమ్మ పడవ వెనక్కి వెళ్లి ఇంజను చూసింది. దాని మీద చెయ్యి వేసింది. అప్పుడు తాడు వదిలింది.

పోలిరాజు ఇంజను స్టార్ట్ చేశాడు. డబడబమంటూ నల్లటి పొగ షామియానా మీదుగా సాగింది. పడవ దూసుకుపోయింది.

"చూశారా!" అని గర్జించారు మంత్రిగారు మైకులో. "డీజిలు చుక్క లేకుండా!"

ఒక విలేకరి దగ్గుతూ అడిగాడు. "సార్, ఆ పొగేమిటి?"

"ఆవిరి," అన్నారు హేమశ్రీ గారు. "మన సముద్రంలో ఉప్పు కొంచెం నలుపు."

'ఆవిరి గమనించబడినది' అని రాసుకున్నాను.

అయిదు గంటల తర్వాత పడవ తిరిగొచ్చింది. గంపల నిండా కానాగంత చేపలు. గంపల పక్కన, వాటికంటే నీరసంగా, ఛైర్మన్ గారు. దారిలో ఆయన కడుపులో ఉన్నదంతా శాస్త్రానికి అర్పించారని తెలిసింది. టీవీవాళ్లు పోలిరాజుని చుట్టుముట్టారు.

"కొత్త ఇంజను ఎలా పనిచేసింది?"

"శానా బాగుంది బాబూ," అన్నాడు పోలిరాజు మనస్ఫూర్తిగా. "అలొచ్చినప్పుడల్లా పడవ ముక్కు పైకి లెగిసిపోయేది. ఇప్పుడా బరువుకి కుదురుగా కూసుంది."

అదే వారం కమిటీ తుది నివేదిక తయారైంది. ప్రయోగం విజయవంతమైందని, ఉప్పునీటి ఇంజను శాస్త్రీయంగా సాధ్యమని తేలిందని, దాన్ని పేటలోని మిగతా ముప్పై తొమ్మిది పడవలకూ వెంటనే మంజూరు చేయాలని, ఇంజన్లు తయారైనప్పుడు బిగించుకోవచ్చని అందులో ఉంది. సముద్రం మీద స్వయంగా పరిశోధన చేసిన అనుభవంతో జగ్గారావు గారు చివర్లో ఒక షరతు చెప్పారు. సాయిశంకర్ గారు దాన్ని ఆఫీసు భాషలోకి మార్చారు. నేను టైపు చేశాను:

'ఉప్పునీటి ఇంజను మంజూరైన ప్రతి పడవలోనూ, మంజూరైన తేదీ నుంచే, పనిచేస్తున్న డీజిల్ ఇంజను ఒకటి తప్పనిసరిగా ఉండవలెను. ఇందుకోసం షెడ్డులోని పాత ఇంజన్లను వాటి యజమానులకు తక్షణం అప్పగించవలెను.'

కాగితం జ్యోతిర్మయి గారి ముందు పెట్టాను. పైన ఉన్న నాలుగు పేజీలూ ఆవిడ చదవలేదు. ఆ షరతు మాత్రం రెండుసార్లు చదివారు. నా జేబులోంచి పెన్ను లాక్కుని, అందరికంటే ముందు సంతకం పెట్టారు.