సమస్య తీరిపోయింది, ధన్యవాదాలు

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న ప్రింటర్ ఉండేది. అడవి సభవారి ధ్రువపత్రాల ఆఫీసులో, గుమాస్తా సహనరావు బల్ల మీద, పాత తువ్వాలు కప్పుకుని కూర్చునేది. సహనరావు గాడిద. పేరుకు తగ్గ జంతువు.

అంతకుముందు ఆ ఆఫీసు కంప్యూటర్లో ఏదో మూతపెట్టిన వ్యవస్థ నడిచేది. లోపల ఏముందో ఎవరూ చూడకూడదు. గుమ్మం ముందు జంతువులు వరస కట్టిన వేళ చూసి అది తనంతట తానే అప్‌డేట్ మొదలుపెట్టి, మధ్యాహ్న భోజనాల దాకా చుక్కలు తిప్పుకుంటూ కూర్చునేది. సింహరాజుగారికి విసుగొచ్చింది. ఇక మీదట అన్ని ఆఫీసుల్లోనూ లైనక్స్ అనే కొత్త వ్యవస్థే వాడాలని ఆజ్ఞ వేశారు. ఇది ఓపెన్ సోర్స్, అంటే మూతలేని కుండ, ఎవరైనా తొంగిచూడొచ్చు, ఎవరైనా గరిట పెట్టి కలపొచ్చు, ఇరుగుపొరుగుకి పంచొచ్చు అని దండోరా వేయించారు.

నిజం చెప్పాలంటే సహనరావుకి అది నచ్చింది. మూలుగుతూ నడిచే పాత కంప్యూటర్ ఒక్కసారిగా పడుచుదైంది. అన్నీ బాగున్నాయి, ప్రింటర్ తప్ప. అచ్చు వెయ్యమంటే అది బుద్ధిగా కాగితాన్ని లోపలికి లాక్కునేది, గరగరమనేది, తెల్లకాగితాన్ని తెల్లగానే బయటికి పంపేది. తెర మీద మాత్రం 'పని విజయవంతంగా పూర్తయింది' అని వచ్చేది. ఆఫీసన్నాక అంతకంటే ఏం కావాలని పై అధికారులు తృప్తిపడ్డారు.

తృప్తిపడనిది కంటకమ్మ ఒక్కతే. కంటకమ్మ ముళ్ళపంది. వాగు గట్టున బొరియలో ఇద్దరు పిల్లలతో కాపురం. పోయిన వానాకాలం వాగు ఇంట్లోకి వచ్చేసింది. పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుందామంటే వీపంతా ముళ్ళాయె. నోట కరుచుకుని ఒకరి తరవాత ఒకరిని గట్టెక్కించింది. రెండోవాడి కోసం వెనక్కి వెళ్ళేసరికి నీళ్ళు వాడి ముక్కు దాకా వచ్చాయి. ఆ ముక్కు ఆమెకి ఇంకా కళ్ళముందే ఉంది.

ఈ ఏడు సభవారు కొండవాలు మీద బొరియలూ చెట్లూ పంచుతున్నారు. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా నివాస ధ్రువపత్రం ఇచ్చినవారికే చోటు. అచ్చు వేసిన పత్రమే కావాలి, చేతిరాత చెల్లదు. కంటకమ్మ సోమవారం పొద్దున్నే వచ్చి ఆఫీసు బెంచీ మీద కూర్చుంది.

సహనరావు జాలిపడి సందేహ నివారణ సంఘంలో ప్రశ్న పెట్టాడు. లైనక్స్ వాడే జంతువులన్నీ కంప్యూటర్లోనే కలుసుకుని ఒకరికొకరు సాయం చేసుకునే చోటు అది. అలాగని దాని గుమ్మం మీద రాసుంది. దాని అధ్యక్షులు తపోధనం గారు కొంగ. ఒంటికాలి మీద నిలబడి జపం చేసుకుంటున్నట్టే ఉండేవారు గానీ, కొత్తవాడెవడైనా నోరు తెరిస్తే చాలు, ముక్కుతో ఒక్క పోటు పొడిచేవారు.

ప్రింటర్ తెల్లకాగితం ఇస్తోంది, ఏం చెయ్యాలి అని సహనరావు అడిగాడు. ముందు మాన్యువల్ చదివావా అని తపోధనం గారు అడిగారు. అది నాలుగువందల పేజీల మాన్యువల్. సహనరావు మంగళవారమంతా కూర్చుని చదివాడు. చివరి పేజీలో 'ఇంకా సందేహాలుంటే సందేహ నివారణ సంఘాన్ని అడగండి' అని ఉంది.

ఆ తరవాత చపలం అనే కోతి వచ్చింది. లైనక్సులో బోలెడు రకాలు. చపలం కొమ్మ మారినట్టు వారానికో రకం మార్చేది. నువ్వు వాడేది ముసలి రకం, నాది పెట్టుకో, సమస్తం నడుస్తుంది అంది. సహనరావు బుధవారం పొద్దంతా కూర్చుని పెట్టుకున్నాడు. ప్రింటర్ తెల్లగానే ఇచ్చింది. పైగా కంప్యూటర్‌కి నోరు పడిపోయి శబ్దం కూడా రావడం మానేసింది. ఆ మాట చపలంతో చెబితే, ఆ రకం ఇంకా ఎవరు వాడుతున్నారయ్యా, నేను నిన్ననే మారిపోయానని చెప్పింది.

ఒక నెమలి తన తెరను ఎన్ని రంగులతో అలంకరించుకుందో ఫొటో పెట్టి, ప్రింటర్ సంగతి తెలియదు గానీ ఇదెలా ఉందో చెప్పమంది. అందరూ బాగుందన్నారు. ఇంతలో ఒక ఉడత, ఈ వ్యవస్థని ఉత్త లైనక్స్ అనడం తప్పు, పూర్తి పేరుతో పిలవాలంది. ఇంకో ఉడత అక్కర్లేదంది. రెండూ అరవై సందేశాల దాకా కొట్టుకున్నాయి.

"ఏమంటున్నారు బాబూ వాళ్ళు?" అని కంటకమ్మ బెంచీ మీంచి అడిగింది.

"ఏదో పేరు గురించి తేల్చుకుంటున్నారమ్మా."

"నా పేరా?"

"కాదమ్మా" అన్నాడు సహనరావు తలొంచుకుని.

ఇలాంటి ప్రశ్నలు రోజుకి పది రావడంతో తపోధనం గారికి తపోభంగమైంది. ఆ సాయంత్రమే రాజుగారి దగ్గరికి ఎగిరి వెళ్ళారు. అడగడం సులువైపోవడం వల్లే అడవిలో సమస్యలు పెరిగిపోతున్నాయని విన్నవించి, రెండు నియమాలకు ముద్ర వేయించుకున్నారు. ప్రశ్న అడగదలచినవారు మాన్యువల్ చదివామని హామీపత్రం ఇవ్వాలి, అదీ అచ్చు వేసి. పదవిలో ఉన్నవారికి ఆ పత్రం అక్కర్లేదు. రెండోది, అంతకుముందే ఎవరో అడిగేసిన ప్రశ్నని మళ్ళీ అడిగితే కంప్యూటరే దానికి తాళం వేసేస్తుంది. కంప్యూటర్‌కి ముఖం చూసే అలవాటు లేదు కాబట్టి నిష్పక్షపాతంగా ఉంటుందని ఆయన రాజుగారికి మరీ మరీ చెప్పారు.

సహనరావు హామీపత్రం అచ్చు వేశాడు. అదీ తెల్లగానే వచ్చింది. అలాగే పంపాడు. అందులో ఏమీ లేదని సంఘం తిప్పి పంపింది.

గురువారం సంఘానికి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. అడవిలో సమస్యలు సమూలంగా తీరిపోయాయని తపోధనం గారు నివేదిక ఇచ్చారు. రాజుగారు పొంగిపోయి శాలువా కప్పారు. అడుగులకు మడుగులొత్తే నక్కలు చప్పట్లు కొట్టాయి. వాటి ధ్రువపత్రాలు పాత వ్యవస్థ ఉన్నప్పుడే అచ్చయిపోయాయి, వాటికేం.

శుక్రవారం మూడింటికి తపోధనం గారు శాలువాతోనే ధ్రువపత్రాల ఆఫీసుకి వచ్చారు. ఆయన గూడున్న చెట్టు కూడా వాగు గట్టునే ఉంది. వేళ్ళ కింద మట్టి సగం కొట్టుకుపోయింది. ఆయనకీ కొండవాలు మీద చోటు కావాలి, దానికీ అచ్చు పత్రం కావాలి.

సహనరావు ప్రింటర్ సంగతి చెప్పబోతే ఆయన రెక్కతో పక్కకి తోసి తానే కూర్చున్నారు. నల్ల తెర తెరిచి టకటకా కమాండ్లు కొట్టారు. ప్రింటర్ గరగరమని తెల్లకాగితం ఇచ్చింది. ఇంకా పెద్ద కమాండ్ కొట్టారు. ఇంకో తెల్లకాగితం వచ్చింది. నాలుగు దాటేసరికి శాలువా తీసి కుర్చీ మీద వేశారు. కంటకమ్మ గడియారం వంకే చూస్తూ కూర్చుంది.

నాలుగున్నరకి ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, ఒక్కసారి సంఘాన్ని అడిగి చూద్దాం అన్నారు. అడిగారు. రెప్పపాటులో తాళం పడింది. 'ఇది ముందే అడిగిన ప్రశ్న. పాత చర్చ చూడగలరు.'

పాత చర్చ తెరిచారు. ఆరేళ్ళ కిందటిది. అదే రకం ప్రింటర్, అవే తెల్లకాగితాలు. ఏకపాదం అనే పేరుతో ఎవరో పదకొండు సార్లు కాళ్ళావేళ్ళా పడి అడిగారు. చిట్టచివర ఏకపాదమే రాసిన సందేశం ఒకటుంది. 'సమస్య తీరిపోయింది. చాలా తేలిక. అందరికీ ధన్యవాదాలు.'

అంతే. ఎలా తీరిందో ఒక్క ముక్క లేదు.

సహనరావుకి ప్రాణం లేచొచ్చింది. "ఈ ఏకపాదం గారెవరో కనుక్కుందామండీ. తీర్చుకున్నాయన ఉన్నాడు కదా, చెబుతాడు."

తపోధనం గారు రెండో కాలు కూడా నేల మీద పెట్టారు. ఆ ఆఫీసులో ఆయన రెండు కాళ్ళూ ఎవరూ చూసి ఎరగరు.

"అది నేనే" అన్నారు.

కంటకమ్మ బెంచీ దిగి వచ్చింది. "అయితే చెప్పండి బాబూ. ఎలా తీరింది?"

"గుర్తులేదమ్మా."

ఐదు గంటలు కొట్టారు.

శనివారం పొద్దున వాన మొదలైంది. కంటకమ్మ ఎవరినీ అడగలేదు. పిల్లల్ని ముందు నడిపించుకుంటూ కొండవాలు ఎక్కి, ఖాళీగా ఉన్న బొరియ చూసి లోపలికి పంపి, గుమ్మంలో నిలబడింది. పంపకాల అధికారి అడవిపంది గొడుగేసుకుని వచ్చి పత్రమేదని అడిగింది. కంటకమ్మ వెనక్కి తిరిగి ముళ్ళన్నీ లేపింది. అధికారి కాసేపు పరిశీలించి, పత్రం సక్రమంగా ఉందని రాసుకుని వెళ్ళిపోయింది. తపోధనం గారికి ముళ్ళు లేవు. ఆదివారానికి ఆయన చెట్టు వాగులో ఉంది, ఆయన మోకాళ్ళ లోతు నీళ్ళలో రెండు కాళ్ళ మీదా నిలబడి ఉన్నారు.

సోమవారం సహనరావు ఎవరినీ అడగడం మానేసి గాడిద పని మొదలుపెట్టాడు. ఆ ప్రింటర్ ఏ రకమో దాని పేరు ఎంచుకోమని కంప్యూటర్ చూపించే జాబితాలో రెండువందల పద్నాలుగు పేర్లున్నాయి. ఒక్కొక్కటే పెట్టి చూశాడు. నూట ముప్ఫయ్యొకటోది, అదే కంపెనీ పదేళ్ళ కిందటి ప్రింటర్ పేరు, పెట్టగానే అక్షరాలు నల్లగా, నిగనిగలాడుతూ వచ్చాయి. అతని కళ్ళు చెమర్చాయి. మొట్టమొదటి పత్రం కంటకమ్మదే అచ్చు వేసి, కొండెక్కి ఇచ్చి వచ్చాడు. ఆమె దాన్ని ఆఫీసు కాగితాలు గుచ్చినట్టు వీపున ఒక ముల్లుకి గుచ్చుకుంది.

తరవాత సహనరావు తాను చేసిందంతా, ఏ మీట నొక్కాలో, ఏ పేరు ఎంచుకోవాలో, మళ్ళీ వచ్చేవాడికి అక్కరకొస్తుందని పూసగుచ్చినట్టు రాసి సంఘంలో పెట్టాడు.

సంఘం దాన్ని గంటలో తీసేసింది. 'ఇందులో ప్రశ్న లేదు' అని కారణం రాసింది.

నీతి: ఏరు దాటాక తెప్ప తగలెయ్యడంలో తప్పేమీ లేదు, ఆ ఏరు మళ్ళీ మీ ఇంటికి రానంతవరకూ.